అడిగితేనే కనబడే ఊళ్లు

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మూడు మలుపులున్నాయి. జడ్చర్లలో ఎడమకు తిరిగితే నాగర్‌కర్నూల్, కొత్తకోటలో ఎడమకు తిరిగితే వనపర్తి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగితే గద్వాల. తిరుపతికో బెంగళూరుకో పోయే కార్లు చాలామటుకు ఈ మూడింట్లో ఒక్క మలుపూ తిరగవు. ఎందుకు తిరగరంటే, ‘అక్కడ చూసేదేముంది?’ అంటారు. ఆ మాటకు జవాబు చెప్పడానికే ఈ అధ్యాయం.

చూడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. పేరుమోసిన చోట్లలో ఆ విద్యతో మనకు పని పడదు. చార్మినార్ దగ్గర ఏది చూడాలో, ఎక్కడ నిలబడి ఫొటో తీసుకోవాలో, ఏ హోటల్లో బిర్యానీ తినాలో ముందే ఎవరో నిర్ణయించి పెట్టారు. మనం వెళ్లి సరిచూసుకుని వస్తాం. చిన్న ఊళ్లో బోర్డులుండవు, గైడు ఉండడు, ఫోన్లో వెతికితే నాలుగు పాత ఫొటోలు వస్తాయి. అక్కడ మనమే నోరు తెరిచి అడగాలి. అడిగినదానికి జవాబు వచ్చేదాకా ఆగాలి. చెప్పినవాళ్లను నమ్మి ఆ సందులోకి నడవాలి. ఈ మూడూ అలవాటైనవాళ్లకు ఉద్యోగంలో, కుటుంబంలో, కొత్త మనుషుల మధ్య ఎంత సులువవుతుందో చూశాను కాబట్టే, వ్యక్తిత్వం గురించి రాస్తున్న పుస్తకంలో ఊళ్లు తిరగడానికి ఇంత చోటిస్తున్నాను.

ఎలా చూడాలో నేర్పిన పెద్దమనిషి కూడా ఈ ప్రాంతం వాడే. సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. గోలకొండ పత్రిక నడిపారు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో, తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు అనుకుంటున్న కాలంలో ఆయన జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏం నమ్మారు అని వెతికారు. మనం ఊరు చూడటానికి వెళ్లినప్పుడు చేయాల్సిందీ అదే. కోట ఎవరు కట్టారో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ కోట నీడలో ఇవాళ బతుకుతున్నవాళ్లు ఏం చేస్తున్నారో, పొద్దున ఏం తింటున్నారో తెలియాలంటే ఒక రాత్రి ఉండాలి.

అందుకే నా మొదటి మాట: ఒక రాత్రి ఉండండి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే మనిషికి చిన్న ఊరు మధ్యాహ్నపు ఎండలో మూసిన షట్టర్లే చూపిస్తుంది. ఇక్కడి ఊళ్లు పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి లేస్తాయి. బస్టాండు దగ్గర లాడ్జీలు ఉంటాయి. గది మామూలుగానే ఉంటుంది, శుభ్రమైన దుప్పటి ఒకటి వెంట తెచ్చుకుంటే చాలు.

గద్వాలతో మొదలుపెడదాం. ఇది నడిగడ్డ, అంటే కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నేల. పదిహేడో శతాబ్దంలో సోమనాద్రి అని జనం పిలుచుకునే పెద సోమభూపాలుడు ఇక్కడ మట్టికోట కట్టించాడు. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. సంస్థానం చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరున్న కళాశాల కూడా కోటలోనే నడిచింది. పండితులను, కవులను పిలిచి సత్కరించే సంస్థానంగా విద్వద్గద్వాల అన్న పేరు తెచ్చుకున్న ఊరు ఇది. కోట గోడలు చాలా చోట్ల కూలిపోయాయి. అలా వదిలేయడం చూస్తే బాధ కలుగుతుంది, ఆ బాధ పడాల్సిందే. గుడికి పొద్దున్నే వెళ్లండి. దర్శనం అయ్యాక అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లను పలకరించండి. ‘తాతా, ఈ ఊళ్లో మగ్గాలు ఎటు పక్కనున్నాయి?’ అని అడిగితే చాలు. చూడాల్సినవి ఏమున్నాయని అడిగితే ఎవరైనా గుడి పేరే చెబుతారు. పని ఎక్కడ జరుగుతుందని అడిగితే చేయి పట్టుకుని తీసుకెళ్తారు.

మగ్గం ఉన్న ఇంటికి వెళితే గుమ్మం దగ్గర ఆగి, ‘అన్నా, కాసేపు చూడొచ్చా?’ అని అడగండి. కాళ్లు గుంతలోకి దించుకుని కూర్చున్న నేతగాడు తల ఎత్తకుండానే రమ్మంటాడు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు, కొంగు మాత్రం పట్టు. నూలుకూ పట్టుకూ బిగువు వేరు, నునుపు వేరు. ఈ రెంటినీ ఒకే బట్టగా నిలబెట్టడమే ఇక్కడి పనితనం. ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు ఆడతాయి. ఒంటి పేక అంచు దాకా వచ్చి, అంచు పేకతో మెలిపడి వెనక్కి తిరుగుతుంది. ప్రతి వరసకూ ఆ మెలిక పడాల్సిందే. అందుకే చాలా మగ్గాల మీద ఇద్దరు కూర్చుంటారు. అవతలి వైపు కూర్చున్నది భార్యో, కొడుకో అయి ఉంటుంది. పూర్తయిన చీర చూపిస్తే తిరగేసి, అంచు కలిసే చోట వేలితో తడిమి చూడండి. ఆ మెలికల గీత వేలికి తగులుతుంది. దుకాణంలో చీర కొనేటప్పుడు కూడా ఈ పరీక్షే చేయండి. చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టొచ్చనే మాట అందరికీ తెలుసు. ఈ గీత మాత్రం ఎవరూ చూపించరు, అసలు విషయం అందులోనే ఉంది.

ఇంకొకటి తప్పకుండా అడగండి. తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవాల వేళ ఏటా ఏరువాడ జోడు పంచెలు గద్వాల నుంచే వెళ్తాయి. పదకొండు గజాల పొడవు పంచెలు అవి. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారం. నేసేవాళ్లు మండలం రోజులు దీక్షలో ఉండి నేస్తారు. ఆ రోజుల్లో మీరు వెళ్లడం తటస్థిస్తే దూరం నుంచే చూసి, ఏమీ ముట్టుకోకుండా వచ్చేయండి.

ఫిన్లాండ్‌లో రౌమా అని ఒక చిన్న సముద్రతీరపు ఊరుంది. లేసు అల్లికకు పేరు. చెక్క ఇళ్లున్న పాత పేటను యునెస్కో 1991లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా వేసవిలో లేసు పేరుమీదే ఒక వారం పండుగ చేసుకుంటారు. ఆ పేటలో ఇప్పటికీ జనం కాపురాలుంటారు, దుకాణాలు నడుస్తాయి. ఊరి పనితనాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. గద్వాలకు ఆ యోగ్యత లేదని నేను ఒప్పుకోను. నేత ఉంది, కోట ఉంది, రెండు నదులున్నాయి. లేనిదల్లా అక్కడి దాకా వెళ్లి శ్రద్ధగా చూసే మనిషి.

ఇక తిండి. నడిగడ్డలో పొద్దున టిఫిన్ అంటే ఉగ్గాని. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపుతో తిరగమోత వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాని కాదనే అంటారు ఇక్కడివాళ్లు. అటు రాయచూరు, ఇటు కర్నూలు దగ్గర కాబట్టి ఆ రెండు వైపుల రుచీ ఈ పళ్లెంలో కలిసింది. ఎనిమిదిలోపు వెళ్లండి. తొమ్మిదిన్నర దాటితే మంచి బండ్ల దగ్గర గిన్నె అడుగు కనబడుతుంది. ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి నాది ఒకటే లెక్క: ఆటోవాళ్లు, మార్కెట్ హమాలీలు, బడికి పోయే పంతుళ్లు ఒకేచోట నిలబడి తింటుంటే ఆ బండి మంచిది. బోర్డు ఎంత పెద్దదన్నది చూడొద్దు.

మధ్యాహ్నానికి జూరాల వెళ్లండి. గద్వాలకు దగ్గరే. కృష్ణ తెలంగాణలోకి వచ్చాక మొదట ఎదురయ్యే ప్రాజెక్టు ఇది, 1981లో శంకుస్థాపన జరిగింది. వానాకాలంలో ఎగువ నుంచి వరద వచ్చి గేట్లు ఎత్తితే చూడటానికి జనం విరగబడతారు. నా మటుకు నాకు నీళ్లు నిలకడగా ఉన్న రోజే ఇష్టం, కారణం చేపలు. డ్యాం పక్కన వరసగా చేపల హోటళ్లున్నాయి. అప్పుడే తెచ్చిన చేపలు ముందు పరిచి ఉంటాయి. మీరే చూసి ఎంచుకోవచ్చు. మొప్ప ఎత్తి చూపించమనండి. ఎర్రగా ఉంటే తాజా, గోధుమ రంగుకు తిరిగితే వద్దు. తూకం వేయించాక ముక్కలు కోసి, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు దట్టించి పెద్ద మూకుడులో వేస్తారు. నూనె నల్లబడిందా లేదా అన్నది కూడా చూసుకోండి, అడిగినా ఎవరూ తప్పు పట్టరు. వేయించినవి తిన్నాక పులుసు కూడా అడగండి, జొన్నరొట్టెతో తినండి. ఆదివారం రద్దీగా ఉంటుంది, ముందు ఆర్డరిచ్చి కట్ట మీద నడిచి రావడం మేలు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, పైనుంచి ఎప్పుడు వదులుతారో మనకు తెలియదు.

జొన్నరొట్టె గురించి ఒక మాట. ఈ మూడు జిల్లాల్లోనూ సాయంత్రం అయ్యేసరికి రోడ్డు పక్కన ఆడవాళ్లు పొయ్యి వెలిగిస్తారు. మరిగిన నీళ్లు పోసి పిండి కలిపి, అరచేతి మడమతో నెట్టి నెట్టి పిసుకుతారు. బల్ల మీద పొడిపిండి చల్లి, ఉండను తిప్పుతూ తడతారు. పెనం మీద వేశాక పైవైపు తడిచేత్తో నీళ్లు రాసి, ఆ తడి ఆరగానే తిరగేస్తారు. రొట్టె పొంగుతుంది. అక్కడే నిలబడి వేడిగా, పల్లీల పొడితోనో, వంకాయ కూరతోనో తినండి. పొట్లం కట్టించుకుని గదికి తీసుకెళ్తే అట్ట అవుతుంది. ‘అక్కా, ఇంకొకటి పల్చగ కొట్టు’ అంటే సంతోషంగా కొడుతుంది. ఆ పనిని పక్కన నిలబడి చూసి, పేరుపెట్టి మెచ్చుకోవడం కూడా మనం నేర్చుకోవాల్సిన మర్యాదే.

గద్వాలలో రాత్రి ఉన్నవాళ్లు మర్నాడు అలంపురం వెళ్లకుండా రావొద్దు. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన తొమ్మిది బ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైన జోగులాంబ ఆలయాన్ని 2005లో మళ్లీ కట్టారు. భక్తులు జోగులాంబను, బాలబ్రహ్మేశ్వరుణ్ణి దర్శించుకుని వెళ్లిపోతుంటారు. మిగతా గుళ్లు ఆ ఆవరణలోనే ఖాళీగా ఉంటాయి. తారకబ్రహ్మ తప్ప మిగతావాటి శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి ఉంటాయి. మన దక్షిణాది గోపురాలకు అలవాటుపడిన కంటికి అది కొత్త. స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ తొందరపడకుండా ఒకసారి నడవండి, గోడల మీది శిల్పాలు చూడండి. తర్వాత కూడవెల్లి సంగమేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని, రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టిన గుడి అది. పాపనాశి గుళ్లదీ అదే కథ. హోటళ్ల సంగతి చెప్పాలంటే, గుడి దగ్గర సాదా భోజనమే. ఏదైనా విశేషంగా తినాలంటే అలంపురం చౌరస్తాకు రావాలి, లేదా కర్నూలు.

వనపర్తి తీరు వేరు. చదువుల ఊరు. సంస్థానం రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ కళాశాల నడిచింది. పొద్దున పుస్తకాల సంచులతో పిల్లలు నడిచే వీధులు, పిల్లల కోసం పెట్టిన మెస్సులు. భోజనం ఆ మెస్సుల్లోనే చేయండి. పన్నెండున్నరకు వెళ్తే అన్నం, పప్పు, వేపుడు, పచ్చిపులుసు అన్నీ వేడిగా ఉంటాయి, రెండు దాటితే మిగిలినవే. ఈ సంస్థానం కథ హైదరాబాద్‌లో కూడా ఉంది. వనపర్తి రాజుల దగ్గరి ఆఫ్రికన్ ఆశ్వికదళం నిజాం కొలువుకు చేరింది. వాళ్లు ఉన్న చోటే ఇవాళ్టి ఏసీ గార్డ్స్. చివరి తరం రాజా రామేశ్వరరావు దౌత్యవేత్తగా, ఎంపీగా పనిచేసి ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తక సంస్థను నడిపారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాల స్థాపించారు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే ఈ కథలు మొదలవుతాయి, వినడానికి సాయంత్రం చాలదు.

వనపర్తి దగ్గర నాకు అన్నిటికంటే నచ్చేది సరళాసాగర్ ప్రాజెక్టు. 1949లో మొదలై 1959లో పూర్తయింది, మదనాపురం దగ్గర. నీళ్లు నిండు మట్టం దాటగానే గాలి పీడనం తేడాతో సైఫన్లు వాటంతటవే పనిచేయడం మొదలుపెట్టి నీటిని కిందికి లాగేస్తాయి. ఎవరూ గేటు ఎత్తక్కర్లేదు. 2019 డిసెంబరు 31న దీని కట్ట తెగింది, తర్వాత మళ్లీ కట్టారు. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. సైఫన్ అనే పాఠం పుస్తకంలో ఎంత చదివినా ఇక్కడ నిలబడి చూసినట్టుండదు. పెబ్బేరు వైపు శ్రీరంగాపూర్‌లో చెరువు ఒడ్డున వనపర్తి రాజులు కట్టించిన రంగనాయకస్వామి గుడి ఉంది. సాయంత్రం పూట వెళ్లండి. శనివారమైతే దారిలో పెబ్బేరు సంత చూడొచ్చు. ఎడ్ల పళ్లు చూసి వయసు చెప్పే రైతు పక్కన పావుగంట నిలబడితే బేరం అంటే ఏమిటో తెలుస్తుంది. రైల్లో వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక: వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో. అక్కడి నుంచి ఊరికి బస్సో ఆటోనో ఎక్కాలి. అర్ధరాత్రి దిగే రైలు పెట్టుకోవద్దు.

నాగర్‌కర్నూల్‌కు అసలు రైలే లేదు. ఊళ్లో కేసరి సముద్రం కట్ట మీద సాయంత్రపు నడక బాగుంటుంది, అంతకుమించి ఊళ్లో ఎక్కువ వెతకొద్దు. ఇక్కడ ఊరిని మకాంగా పెట్టుకుని చుట్టూ తిరగాలి. బిజినేపల్లి వైపు నంది వడ్డెమాన్ ఉంది, ఒకప్పటి వర్ధమానపురం. రంగనాథ రామాయణంతో ముడిపడిన గోన వంశపువాళ్లు ఏలిన చోటు. ఇప్పుడు జనం శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించడానికి వస్తారు. అటు అచ్చంపేట వైపు ఉమామహేశ్వరం, ఇంకా ముందుకు పోతే నల్లమల. అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు, వెలుతురుండగానే దాటాలి.

నా ఓటు మాత్రం కొల్లాపూర్‌కే. జటప్రోలు సంస్థానాధీశుల ఊరు. మామిడితోటలు విస్తారం. మంచాలకట్ట నుంచి తరలించి తెచ్చిన మాధవస్వామి గుడి ఇక్కడుంది. గోడల మీద విష్ణువు కేశవాది రూపాలు ఒక్కొక్కటే పోల్చి చూస్తూ ప్రదక్షిణం చేయండి. ఆయుధాలు ఏ చేతిలో ఏది ఉందన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. పిల్లలకు అది మంచి ఆట. తర్వాత సోమశిల. శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లు కొండల మధ్య కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. చూసి అందంగా ఉందనుకోవడంతో ఆగొద్దు. ఒడ్డున వలలు సర్దుకుంటున్న పెద్దవాళ్లను, ‘పెద్దాయనా, పాత ఊరు యాడుండె?’ అని అడగండి. చేయి ఎత్తి నీళ్ల మధ్యకు చూపిస్తారు. గుళ్లను విప్పి తెచ్చి పైన కట్టారు, పొలాలు మాత్రం కిందే ఉన్నాయి. ఆ మాట విన్నాక నీళ్లు చూసే చూపు మారుతుంది. ఇక్కడ కూడా చేపలు వండి పెడతారు. ముందుగా చెబితే ఇంట్లో వండినట్టే వండి పెట్టేవాళ్లున్నారు. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది, ఎండాకాలంలో మట్టం దిగితేనే బయటపడుతుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. లేదంటే ఎక్కొద్దు, ఎంతమంది ఎక్కుతున్నా సరే. కృష్ణ ఈ ఒడ్డున పడవ ప్రమాదాల్లో ప్రాణాలు తీసింది.

మామిడి కావాలంటే ఏప్రిల్, మే. వరద చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు. ఊళ్లు హాయిగా నడిచి చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మూడు ఊళ్లూ ఒకే ప్రయాణంలో చుట్టేయాలని చూడొద్దు, ఒక్కో ఊరికి ఒక్కో శనివారం, ఆదివారం ఇవ్వండి. చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి, నేతగాడి దగ్గర బేరం తక్కువ చేయండి, ఫొటో తీసే ముందు అడగండి.

మొదటిసారి వెళ్లేవాళ్లు గద్వాలతోనే మొదలుపెట్టండి. కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైళ్లు గద్వాలలో ఆగుతాయి. వేళలు చూసుకుని వచ్చే శనివారానికే టికెట్ తీసుకోండి, ఆదివారం రాత్రికి ఇంటికి చేరుకుంటారు.